పందెము పలికెడు మాట

బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరిన తరువాతి సంవత్సరములవి. దీపావళి రాత్రి మా వీధిలో పేకముక్కలు పడని అరుగు ఉండెడిది కాదు. పగలు ప్రత్తి తూకముల దగ్గఱను, సాయంకాలము లక్ష్మీపూజ దగ్గఱను గంభీరముగా నుండిన పెద్దలే రాత్రి పదిగంటలు దాటగానే జంపఖానా పఱచుకొని మూడు ముక్కలాటకు కూర్చుండెడివారు. ఇంట తెలుగును, అంగడిలో కన్నడమును మాటాడు మా పెద్దలకు ఆ రాత్రి ఆ రెండు భాషలతోను పెద్దగా పనియుండెడిది కాదు. మాట తక్కువ, పందెము ఎక్కువ. పిల్లలమైన మాకు ఆట ఆడు అధికారము లేదు. మంచినీళ్లు, తాంబూలము అందించుట మా పని. అయితే ఎవరి వెనుక నిలుచున్న వారి ముక్కలు కనబడును గనుక, ఆడువారికంటె మాకే ఆట ఎక్కువగా తెలిసెడిది.

మా చినతాతగారు ప్రత్తిమిల్లులో గుమాస్తా. ఆయన మంచి ముక్కలు వచ్చిననే గాని పందెము పెంచెడివారు కారు. ఆయన చేయి రూపాయి వైపు కదలగానే చుట్టునున్న వారు నవ్వుచు తమ ముక్కలు పడవేసెడివారు. మూడు ఆసులు వచ్చిన రాత్రికూడ ఆయనకు దక్కినవి మొదట అందఱును వేసిన పావలాలు మాత్రమే. ఆయన కెదురుగా ఒక బట్టల వర్తకుడు కూర్చుండెడివాడు. ఆయన రాజులు పట్టుకొనియు, ఏమియు లేకయు ఒకే తీరున పందెము కాచెడివాడు. వెనుక నిలుచున్న మాకు తప్ప ఆ పందెమునకు అర్థ మెవరికిని తెలిసెడిది కాదు. ఏటేట గెలిచి లేచెడివాడు ఆయనయే. మూడవవా డొకడు కలడు, ప్రత్తి దలాలి. వాని సంగతి తరువాత చెప్పెదము.

అబద్ధమాడని మా చినతాతగారు ఓడుటయు, బుకాయించువాడు గెలుచుటయు ఆ వయసున మాకు ఘోరమైన అన్యాయముగా తోచెను. ఒకని పందెమును చూచి వాని చేతిలోని దానిని ఎట్లు గ్రహింపవలెనను ప్రశ్నకు గణితజ్ఞులు సమాధానము కనుగొనుటకు కొన్ని శతాబ్దములు పట్టినదని పెద్దయిన తరువాత తెలిసికొంటిమి. ఆ చరిత్రయే ఈ వ్యాసము.

జూదము మనకు క్రొత్తది కాదు. ఋగ్వేదము పదవ మండలములో జూదరి విలాపమున కొక సూక్తమే కలదు. నన్నయగారి సభాపర్వము చదువని తెలుగిల్లు ఆ రోజులలో అరుదు. అయినను పాచికలాట యందలి పందెమునకును పేకాట యందలి పందెమునకును ఒక మౌలికమైన భేద మున్నది. పాచిక ఇంకను పడలేదు. ఏమి పడునో ఒడ్డువానికిని తెలియదు, ఎదుటివానికిని తెలియదు. శకుని కపటము వేఱు మాట. కావున అక్కడ పందెము ఒడ్డువాని ఆశను చెప్పునే గాని పాచికను గూర్చి ఏమియు చెప్పదు. పేకాటలో ముక్క అప్పటికే చేతిలో నున్నది. ఒకనికి తెలియును, మఱియొకనికి తెలియదు. అట్టిచోట పందెము నోరు విప్పి మాటాడును. ఆ మాట నిజమో కల్లయో తేల్చుకొనుటయే ఆట.

పేకలన్నియు ఇట్టివే యని అనుకొనరాదు. మైసూరులోను, సావంతవాడిలోను, ఒడిశాలోను చిత్రకారులు వ్రాసిన గుండ్రని గంజీఫా ముక్కలను మన పాఠకులలో అనేకులు చూచియుందురు. అది పట్లు గెలుచుకొను ఆట, బుకాయింపునకు అందు పెద్ద పీట లేదు. పందెముతో మాటాడు ఆటలు ఐరోపాలో పెరిగినవి. జర్మనులు పొఖెన్ అనిరి, ఫ్రెంచివారు పోక్ అనిరి, ఆంగ్లేయులు బ్రాగ్ అనిరి. బ్రాగ్ అనగా ప్రగల్భము పలుకుటయే. ఆంగ్లేయులతో ఓడలెక్కి మన దేశమునకు వచ్చిన మూడు ముక్కల బ్రాగే మన అరుగుమీది మూడు ముక్కలాట. ఫ్రెంచివారి పోక్ అమెరికా దక్షిణభాగమున న్యూ ఆర్లియన్సు రేవులో దిగి, మిసిసిపీ నదిమీది ఆవిరి పడవలలో పోకరుగా మాఱెను. జోసెఫ్ కోవెల్ అను ఆంగ్ల నటుడు 1829లో అట్టి పడవప్రయాణములో ఈ ఆటను చూచితినని 1844లో ప్రచురించిన తన స్మృతులలో వ్రాసెను. అప్పటికి ఇరువది ముక్కలే. ఆసు మొదలు పది వఱకు నాలుగు రంగులు, నలుగురికి ఐదేసి. పేకలో మిగులు ముక్కయే లేదు. తరువాత ఏబదిరెండు ముక్కల పేక వచ్చెను, ముక్కలు మార్చుకొను నియమము వచ్చెను, ఆట దేశమంతట వ్యాపించెను. ఈ విధముగా పోకరును, మన మూడు ముక్కలాటయు దాయాదులు. ఒకదానిని గూర్చి చెప్పిన సిద్ధాంతము రెండవదానికిని చాలవఱకు చెల్లును.

గణితజ్ఞులు జూదము వైపు చూచుట పదునాఱవ శతాబ్దిలోనే మొదలయ్యెను. ఇటలీ వైద్యుడు కార్డానో స్వయముగా జూదరి. ఆయన వ్రాసిన జూదగ్రంథము ఆయన చనిపోయిన చాలకాలమునకు, 1663లో అచ్చయ్యెను. 1654లో పాస్కల్, ఫెర్మా అను ఫ్రెంచి పండితులు సగములో ఆగిన ఆట సొమ్మును ఎట్లు పంచుకొనవలెనని ఉత్తరములు వ్రాసికొనిరి. సంభావ్యతా శాస్త్రమునకు పునాది అదియే. మన నలోపాఖ్యానములో ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులను కాయలను చూపుతోనే లెక్కించి, నలునకు అక్షహృదయము నుపదేశించెను గదా. వీరును అట్లే ముక్కల హృదయమును, పాచికల హృదయమును తెలిసికొనిరి. ఎదుటివాని హృదయము మాత్రము లెక్కకు అందక మిగిలిపోయెను. ఫలానా ముక్క వచ్చుటకు ఎంత అవకాశమో చెప్పగలిగిరి గాని, ముక్క రాకున్నను వచ్చినట్లు పందెము కాచువానిని ఏమి చేయవలెనో చెప్పలేకపోయిరి.

ఒక్కరు మాత్రము దాపునకు వచ్చిరి. వాల్డ్‌గ్రేవ్ అను నాతడు 1713లో మోన్‌మోర్ అను గణితజ్ఞునకు ‘లె హేర్’ అను పేకాటను గూర్చి తెలిపిన పరిష్కారములో, ఒకే పద్ధతిని ఎల్లప్పుడు పాటించుటకంటె, ఇన్నింటికి ఇన్నిసార్లు ఒకటి, తక్కిన సార్లు మఱొకటి అను నిష్పత్తితో ఆడుట మేలని తేల్చెను. ఆ మాట విలువ ఆనాడు ఎవరికిని పట్టలేదు. రెండువందల ఏండ్ల తరువాత, 1921లో, ఫ్రాన్సులో ఎమీల్ బొరెల్ ఆ దారినే మఱల పట్టెను. 1938 నాటి గ్రంథములో ఆయన పోకరు పందెమునకు చిన్న నమూనా కట్టి లెక్క చూపెను. కాని అసలు సిద్ధాంతము అంతకు ముందే, 1928లో, బుడాపెస్టు యువకుడు జాన్ ఫాన్ నాయ్‌మన్ నిరూపించియుండెను. ఇద్దఱు ఆడు ఆటలో ఒకని లాభము రెండవవాని నష్టమైనపుడు, ఎదుటివాడు ఎంత తెలివిగలవాడైనను అంతకంటె ఎక్కువ నష్టము చేయలేని విధానము ఒకటి ప్రతివానికిని ఉండి తీరునని ఆయన తేల్చెను. 1944లో ఆస్కర్ మార్గన్‌స్టెర్న్‌తో కలిసి ఆయన ప్రకటించిన ఉద్గ్రంథము ఆర్థికశాస్త్రము కొఱకు ఉద్దేశింపబడినది. అయినను అందులో పోకరునకును, బుకాయింపునకును ప్రత్యేకముగా ఒక విభాగము కలదు. పండితులు అట్టి గ్రంథములో పేకాటకు చోటిచ్చుట మనకు వింతగా తోచవచ్చును. వర్తకము ఎఱిగిన కుటుంబములవారికి తోచదేమో.

ఈ సిద్ధాంతము ఏమి చెప్పునో తెలిసికొనుటకు హెరాల్డ్ కూన్ అను గణితజ్ఞుడు 1950లో కల్పించిన మూడు ముక్కల పోకరు చాలును. మూడు ముక్కలనగా పేక మొత్తము మూడే. రాజు, రాణి, జాకీ. ఇద్దఱు చెరి యొక రూపాయి నడుమ వేయుదురు. చెరి యొక ముక్క తీసికొందురు. మూడవ ముక్కను ఎవరును చూడరు. మొదటివాడు ఇంకొక రూపాయి పందెము కాయవచ్చును, ఊరకుండవచ్చును. ఊరకున్నచో రెండవవాడు పందెము కాయవచ్చును. పందెము వచ్చినపుడు ఎదుటివాడు మఱొక రూపాయి వేసి ముక్క చూపుమనవచ్చును, లేదా తన ముక్క పడవేసి నడుమనున్న రెండు రూపాయలను వదలుకొనవచ్చును. పెద్ద ముక్క గెలుచును. ఇంతే ఆట.

మొదటివాడు ఊరకుండెను, రెండవవాడు రూపాయి కాచెను అనుకొందము. మొదటివాని చేతిలో రాణి యున్నది. ఎదుట నున్నది రాజో జాకీయో. రెండింటికి అవకాశము సమానము. ఇప్పుడు వాడు రూపాయి వేసి చూపుమనవలెనా, మానవలెనా?

సమాధానము ఆ ముక్కలో లేదు. ఎదుటివాని అలవాటులో ఉన్నది. రెండవవాడు మా చినతాతగారి వంటివాడై రాజు వచ్చినపుడు మాత్రమే పందెము కాచునేని, మొదటివాడు రాణిని ఎల్లప్పుడు పడవేయును. రాజునకు దక్కునది ఆ మొదటి రూపాయి మాత్రమే. అరుగుమీద జరిగినది సరిగా ఇదియే. రెండవవాడు జాకీ వచ్చిన ప్రతిసారి కూడ పందెము కాచెనేని, మొదటివాడు ఎల్లప్పుడు చూపుమనును. అప్పుడు బుకాయింపునకు నష్టము. ఈ రెంటి నడుమ ఒక నిలుకడయైన స్థానము కలదు. మొదటివాడు ఒక రూపాయి వేసి మూడు రూపాయలకు ఆశపడుచున్నాడు. నాలుగు పందెములలో మూడు రాజువియు, ఒకటి జాకీదియు ఐనచో, నాలుగుసార్లు చూపుమన్నవాడు మూడుసార్లు ఒక్కొక్క రూపాయి పోగొట్టుకొని, ఒకసారి మూడు రూపాయలు తెచ్చుకొనును. లెక్క సరిపోయినది. చూపుమన్నను ఒకటే, మానినను ఒకటే. అనగా రెండవవాడు రాజుతో ఎల్లప్పుడును, జాకీతో మూడింట ఒకసారియు పందెము కాయవలెను. రాణితో కాయరాదు. రాణి పందెమునకు జాకీ పాఱిపోవును, రాజు చూపుమనును, లాభమేమి?

మొదటివానికిని ఇట్టి లెక్కయే కలదు. రాణి పట్టుకొని ఎల్లప్పుడు పడవేసినచో ఎదుటివాని జాకీ మితిమీఱును. ఎల్లప్పుడు చూపుమన్నచో రాజులకు మేపినట్లగును. ఎదురుగా జాకీ పట్టినవానికి బుకాయించినను మానినను ఒకటే యగునంతగా చూపుమనుట వానికి క్షేమము. ఆట మొత్తముమీద, ఇద్దఱును తప్పు లేకుండ ఆడినచో, మొదటివానికి పంపకమున కొక రూపాయిలో పదునెనిమిదవ వంతు చొప్పున నష్టము. ముందుగా నోరు విప్పుట ఖరీదైన పని యని మన పెద్దలు బేరములలో ఎఱిగినదే ఇక్కడ అంకెలలో తేలినది.

దీనినుండి మేము గ్రహించిన ముఖ్యవిషయ మొకటి. ఒకని పందెమును చూచి, ‘వీని చేతిలో ఏమున్నది?’ అని అడుగుట పొరపాటు. ‘ఏయే ముక్కలు వచ్చినపుడు వీడు ఇదే పందెము కాచును?’ అని అడుగవలెను. పందెమునకు అర్థము ఆ ఒక్క పంపకములో ఉండదు. వాడు ఆడని పంపకములలోను, పడవేసిన ముక్కలలోను, ఎన్నో రాత్రుల అలవాటులోను పఱచుకొని యుండును. ఫాన్ నాయ్‌మన్ పెద్ద నమూనాలో కూడ ఇదియే తేలెను. గట్టి చేతితోను, బొత్తిగా పనికిరాని చేతితో అప్పుడప్పుడును పెద్ద పందెము, మధ్యరకపు చేతితో చిన్న పందెము. బుకాయింపు కేవలము దుర్గుణము కాదు. నిజమైన పందెమునకు విలువ నిలుపు వెల అది. పాపము, మా చినతాతగారు ఆ వెల చెల్లింపక సరకు అమ్మజూచిరి.

ఇందులో మఱొక చమత్కారము కలదు. మూడింట ఒకసారి యన్నపుడు, ఏ సారి యని ఎదుటివానికి తెలియరాదు. తానే ఎంచుకొన్నచో అలవాటు బయటపడును. కావున పాచిక వేసి, ఒకటో రెండో పడినచో బుకాయింతునని నిర్ణయించుకొనుట శాస్త్రసమ్మతము! ధర్మరాజును ముంచిన పాచికయే ఇక్కడ మంత్రియై కూర్చున్నది.

ఇదే కాలములో మన తెలుగువా రొకరి పేరుతో ముడిపడిన విద్వాంసుడు ఈ రంగములో పనిచేసెను. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో మా పాత బళ్లారి జిల్లాయందలి హూవిన హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించిరి. గణాంకశాస్త్రములో రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతము జగత్ప్రసిద్ధము. ఆ రెండవ పేరు గల డేవిడ్ బ్లాక్‌వెల్ 1948 ప్రాంతమున, చెరి యొక గుండు గల పిస్తోళ్లతో ఎదురెదురుగా నడచివచ్చు ఇద్దఱిలో ఎవ డెప్పుడు కాల్చవలెనను ద్వంద్వయుద్ధ సమస్యను సాధించుచుండెను. పేలిన చప్పుడు వినబడినచో ఒక లెక్క, వినబడనిచో మఱొక లెక్క. ఎదుటివాని గుండు ఇంకను ఉన్నదో లేదో తెలియకుండుటయే అందలి చిక్కు. అదియు దాచిన ముక్కయే కదా. రావుగారు పేకాటను గూర్చి వ్రాయలేదు. హడగలి మాకు కూతవేటు దూరమనిపించు గర్వముచేత ఇంత చెప్పితిమి.

గణితమునకు లొంగక, ముఖము చదువుటయే విద్య యని నమ్మినవారును కలరు. మొదటి ప్రపంచయుద్ధము తరువాత అమెరికా ప్రభుత్వమునకు రహస్యలిపులను ఛేదించిన హెర్బర్ట్ యార్డ్‌లీ 1957లో పోకరుపై వ్రాసిన పుస్తకము మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. వణకు చేయి, తప్పించుకొను చూపు ఏమియు చెప్పవని మేము అనము. కాని ముఖమే లేనివానితో ఆడవలసి వచ్చిన నాడు ఆ విద్య ఏమగును? 2015లో కెనడాయందలి ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు పందెపు పరిమితి గల ఇద్దఱి పోకరును కంప్యూటరుచేత దాదాపు పూర్తిగా సాధింపించిరి. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు లిబ్రేటస్ అను యంత్రము పిట్స్‌బర్గులో ఇరువది దినములు, లక్ష ఇరువదివేల పంపకములు ఆడి, నలుగురు ఆరితేఱిన ఆటగాండ్రను ఓడించెను. దానికి కన్నులు లేవు. ఎవరి ముఖమును చూడలేదు. తనతో తానే కోట్లకొలది ఆటలు ఆడుకొని నేర్చెను. ఆల్బర్టావారు 2007లో ప్రకటించిన ఆ పద్ధతి పేరులోనే పశ్చాత్తాపము అను మాట ఉన్నది. ప్రతి ఆట ముగిసిన తరువాత, వేఱు విధముగా ఆడియుండినచో ఎంత మిగిలెడిదో యంత్రము లెక్కించుకొని, ఆ పశ్చాత్తాపమునకు తగినట్లు మఱుసటి పందెపు నిష్పత్తిని సవరించుకొనును.

న్యాయస్థానములు కూడ ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు విషయమై 1968 నాటిదిగా పేర్కొనబడు తీర్పులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానముగా నైపుణ్యపు ఆట యనెను. ఆ తీర్పులోనే బ్రాగ్, ఫ్లష్ అను పేర్లు గల మూడు ముక్కలాటను కేవలము అదృష్టపు ఆట యనెను. పోకరు విషయమున గుజరాతు హైకోర్టు 2017లో అదృష్ట మనియు, మద్రాసు హైకోర్టు 2023లో నైపుణ్య మనియు తలచినవి. న్యాయమూర్తులతో వాదించుట మా పని కాదు. ముక్క వచ్చుట అదృష్టమే. కాని బట్టల వర్తకుని పందెము అదృష్ట మన్నచో, ఆ అరుగు వెనుక నిలుచున్న మా కన్నులు ఒప్పుకొనవు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము ఈ భేదమునే ప్రక్కకు పెట్టి, నైపుణ్యమైనను అదృష్టమైనను, ధనము ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించెను. అది ఏల అట్లు చేసినదో మూడవవాని సంగతి చెప్పినచో తెలియును.

ఆ ప్రత్తి దలాలికి ఆట రాక కాదు. రాత్రి పండ్రెండు వఱకు బట్టల వర్తకునితో సమానముగా ఆడెడివాడు. ఓటమి కొంత పేరుకొనిన తరువాత వాని పందెము మాఱెడిది. వెనుక నిలుచున్న మాకు స్పష్టముగా కనబడెడిది, వాడు ముక్కలను ఎత్తి చూచుట మానెడివాడు. పోయిన మొత్తమెంతో అంత ఒడ్డెడివాడు. ఆ పందెము ముక్కలను గూర్చి ఏమియు చెప్పదు, పోయిన సొమ్మును గూర్చి మాత్రమే చెప్పును. దానికి రాజు, రాణి, జాకీల లెక్క పట్టదు. ధర్మరాజు నకులునితో మొదలిడి తమ్ములను ఒక్కొక్కరిని, తన్ను, తుదకు ద్రౌపదిని ఒడ్డిన వరుస అట్టిదే. 1979లో డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్స్కీ అను మనస్తత్త్వవేత్తలు చూపినదియు ఇదియే. లాభములో జంకు మనుష్యుడే నష్టములో తెగించును. నష్టమును నష్టముగా ఒప్పుకొనజాలనివాడు మామూలుగా ముట్టని పందెమును కూడ ఒప్పుకొనును. యంత్రమునకు పశ్చాత్తాపము మఱుసటి పందెమును దిద్దుటకు వచ్చినది. వానికి మఱుసటి పందెమును రెట్టింపు చేయుటకు వచ్చెడిది. చేతిలోని ఫోనులో అరుగు తెల్లవార్లు ముగియకుండుట ఈ కాలపు విశేషము. వెనుక నిలుచుండి చూచువారు కూడ ఉండరు.

ఒక దీపావళి రాత్రి వాడు ఇంటికి వెళ్లి భార్య బంగారు గాజులు తెచ్చి జంపఖానామీద పెట్టెను. మా చినతాతగారు తన ముక్కలు పడవేసి లేచి లోనికి వెళ్లిపోయిరి. గాజులు గెలిచినది బట్టల వర్తకుడు. మఱునాటి ఉదయము ఆయన వానిని గుడ్డలో కట్టి మా చినతాతగారి చేతికిచ్చి ఆ ఇంటికి పంపెను. ఆ ఇల్లాలు మాటాడక పుచ్చుకొనెను. సంక్రాంతి రాకముందే పిల్లలను వెంటబెట్టుకొని ఆదోనిలోని పుట్టింటికి వెళ్లిపోయెను.